ఉత్తి పచ్చ

మా భోషాణంలో ఒకప్పుడు ఇత్తడి సామాను ఉండేది. నేను కాలవల పనిలో చేరిన రెండో ఏటికి సామాను అటకెక్కింది, భోషాణంలోకి దారం చేరింది. అందులో ఏమేమి ఉన్నాయో ఒక చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఎరుపు, చిరివేరుతో కాచినవి, తొమ్మిది చిలపలు, అంటే దారపు చుట్టలు. నీలాలు, ముదురు నుంచి లేత దాకా, పధ్నాలుగు. నలుపు నాలుగు. పసుపు, దానిమ్మ తొక్కల రంగు, పదకొండు. పచ్చ మూడు. మెట్ట నుంచి వచ్చిన గొర్రె ఉన్ని, తెల్లదీ నల్లదీ కలిపి ఒక పెద్ద మూట. సీమ ఉన్ని, చిరిగిన మేజోళ్ళు విప్పగా వచ్చింది, రెండు ఉండలు. ఈ పట్టీలో ఒక మాట సరిగా లేదు. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

కొలతల బడిలో నాకు నేర్పినవి గొలుసు లాగడం, లెవెలు దుర్భిణిలో చూసి ఎత్తుపల్లాలు రాసుకోవడం, పటం గీసి రంగులు వేయడం. సూదుల అల్లిక నేర్పింది మా పని మీద ఉండే సార్జంటు దొర. ఆయన పాతకాలపు సిపాయి. కొత్తపేట దిగువన పిల్లకాలవల కొలతలకు వెళ్ళిన మొదటి చలికాలం ఆయనకూ నాకూ ఒకే వారంలో చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వచ్చే రకం. పనిపడవలో ఎదురెదురుగా పడుకున్నాం. వణుకు తగ్గి చెమట పట్టగానే ఆయన సంచిలోంచి నాలుగు ఇనప పుల్లలూ ఒక ఉన్ని ఉండా తీసి, పొట్టకు చుట్టుకునే పట్టీ అల్లుకునేవాడు. పొట్ట వెచ్చగా ఉంటే కలరా రాదని ఆ దొరల నమ్మకం.

“మగవాళ్ళు కూడా అల్లుతారా?” అని అడిగాను.

“నువ్వు చూస్తున్నావు కదా. నేను ఆడమనిషినా?” అన్నాడు.

నాలుగు జ్వరాల తర్వాత నాకూ వచ్చింది. మా వైపు వల కట్టేవాళ్ళు వలలోని ఒక్కొక్క సందునూ కన్ను అంటారు. నేనూ అదే మాట పెట్టుకున్నాను. పుల్ల మీద ఇన్ని కళ్ళు, అంగుళానికి ఇన్ని వరసలు. వెదురు చీల్చి, గాజుపెంకుతో గీకి, కొబ్బరినూనె పట్టించి నా పుల్లలు నేనే చేసుకున్నాను. పగలంతా ఎండలో దుర్భిణి పట్టి, మోకాళ్ళ లోతు బురదలో నడిచి ఇంటికొచ్చాక ఒంట్లో ఏమీ మిగలదు. ఆ మిగలని ఒంటితోనే చేయగలిగిన పని అదొక్కటే. తప్పు కన్ను పడితే వరస విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు. నా తక్కిన పనుల్లో ఆ వీలు లేదు.

మేజోళ్ళు మా వైపు ఎవరూ తొడుక్కోరు. కుళ్ళాయిలు జ్వరం రోజుల్లో నాకు పనికొచ్చేవి. నిజానికి నేను అల్లింది తక్కువ, చేర్చింది ఎక్కువ. దానికి కారణం రంగుల మామ్మ.

ఆవిడ ఇల్లు అంబాజీపేట వెళ్ళే డొంకలో, కొబ్బరితోటల మధ్య. ఒక్కతే ఉండేది. పిల్లలు లేరు. భర్తా అత్తగారూ పోయాక రంగుల పని తనే నడుపుకొస్తోంది. మూడు బానలుండేవి. సీమ గుడ్డ వచ్చాక రంగు వేయించుకునే సాలెవాళ్ళు తగ్గిపోయారు, రెండు చిన్న బానలు ఎండిపోయి వసారాలో బోర్లించి ఉండేవి. పెరట్లో మెడదాకా పాతిన పెద్ద బాన ఒక్కటే బతికి ఉంది. అది నీలి బాన. మొదటిసారి నేను ఉన్ని పట్టుకెళితే గుమ్మంలోనే ఆపేసింది.

“అత్తగారికి ఇవాళ ఒంట్లో బాలేదండి. ఎల్లుండి రండి.”

“అయ్యో, వైద్యుడికి చూపించారా మామ్మగారూ?” అన్నాను.

ఆవిడ నవ్వు ఆపుకోలేక గుంజ పట్టుకుంది. “చూపిస్తే ఆయన చెయ్యి మోచేతి దాకా నీలంగా వస్తుందండి బాబుగారూ!”

అత్తగారంటే ఆ బాన. అందులో నీలి నీళ్ళు ఆవిడ అత్తగారు పెట్టినవి. పెరుగుకు తోడు వేసినట్టు పాతదాంట్లో కొత్తది కలుపుతూ వచ్చారే గాని ఒక్కసారీ ఖాళీ చేయలేదు. సున్నపు తేట, చౌడు మట్టి, గట్ల మీద మొలిచే తగిరిస మొక్కల గింజలు ఉడకబెట్టిన నీళ్ళు పోయాలి. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి కర్రతో కలపాలి. చలి తగలకూడదు. ఎక్కువ ముంచితే అలుగుతుంది, అసలు ముంచకపోయినా అలుగుతుంది. “ఇన్ని సేవలు మా అసలత్తగారికి కూడా చెయ్యలేదండి,” అనేది.

నీలం బానలో నీలంగా ఉండదని నేను ఆ పెరట్లోనే తెలుసుకున్నాను. లోపలి నీళ్ళు వేరే రంగు. ముంచిన చిలపను పైకి తీసినప్పుడు అది లేత అరటాకులా ఉంటుంది. గాలి తగిలి, నాలుగైదు ఊపిర్లు తీసేలోగా నీలంలోకి తిరుగుతుంది. “పచ్చగా లేచిందంటే అత్తగారు కులాసాగా ఉన్నట్టండి,” అనేది మామ్మ. పచ్చగా అని ఆవిడ అన్నది, పచ్చగా అని నేను విన్నాను. ఇద్దరం ఒకే రంగు అనుకుంటున్నామా లేదా అని అడగాలని నాకు తోచలేదు.

ఒక్క మునక నుంచి ఏడు మునకల దాకా వచ్చే నీలాలకు నేను ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకున్నాను. అది ఆవిడకు నచ్చేది కాదు.

“నాలుగో నీలం రెండు చిలపలు కావాలండి.”

“నాలుగో నీలం ఏంటండీ, దొంగని పిలిచినట్టు! నెమలి మెడ అనండి.”

“నెమలి మెడలో నాలుగు రంగులుంటాయండి.”

“అయితే నాలుగూ వేస్తానండి, ఇవ్వండి.”

ఇలా రెండిటికి వెళ్ళి నాలుగిటితో తిరిగొచ్చేవాణ్ణి. పైగా నా దగ్గర ఒక తర్కం ఉండేది. ఒక జత మేజోళ్ళకు రెండు చిలపలు చాలు. కాని మధ్యలో తక్కువైతే అదే నీలం మళ్ళీ రాదు, అత్తగారి మనసు ఏరోజుకారోజు వేరు, కనక మూడు తీసుకోవాలి. మూడోది మిగిలిపోతుంది, కనక దానికి పక్కన పెట్టడానికి ఒక ఎరుపు ఉండాలి. ఆ ఎరుపు ఒక్కటే అయితే దేనికీ చాలదు. ఏ మెట్టులోనూ తప్పు లేని ఈ తర్కం వల్ల భోషాణం మూత పడటం మానేసింది. ఆదివారం పూట చిలపలన్నీ చాప మీద పరిచి, ఏది ఏ పక్కన ఉంటే బాగుంటుందో మార్చి మార్చి పెట్టుకుని, ఏమీ అల్లకుండానే మళ్ళీ సర్దేసేవాణ్ణి. వారంలో నాకు దొరికిన సుఖం ఆ గంట.

మా అమ్మ అటుగా వెళుతూ ఆగేది. “రేపు నీకు పెళ్ళైతే ఆ పిల్ల చీరలు ఎక్కడ పెట్టుకుంటుందిరా? నీ ఉండల మీదా?”

“వాడేస్తానే అమ్మా.”

“ఎప్పుడు? ఊరందరికీ ఒకేసారి చలేసినప్పుడా?”

నాలుగో చలికాలం, కోతలైపోయాక, ఆ డొంక పక్కగా ఒక పిల్లకాలవ గీత పెట్టమని నాకు అప్పగించారు. లెవెలు పట్టి, ఎక్కువ తవ్వకం లేని దారి చూసి, వరసగా కర్ర మేకులు కొట్టించాను. గుర్తుకు గుడ్డ పేలికలు కట్టేవాళ్ళం గాని వాటిని పశువులు నమిలేస్తున్నాయి, మిగిలినవి మంచుకు చివికిపోతున్నాయి. నా దగ్గర దారం ఉంది. ఏ రంగు వదులుకోగలనో భోషాణం ముందు కూర్చుని చాలాసేపు చూశాను. నీలాలు ఇవ్వలేను. ఎరుపు పాడవుతుందంటే మనసొప్పదు. పసుపు ఎక్కువగా ఉంది, దాని మీద నాకు పెద్ద ఇష్టమూ లేదు. మేకులన్నిటికీ పసుపు దారం కట్టించాను.

మర్నాడు మామ్మ డొంకలో నాకోసం నిలబడి ఉంది.

“అత్తగారి నెత్తి మీద మేకు కొట్టించేరేంటండీ?”

వెళ్ళి చూశాను. పదహారో మేకు బాన మూతికి జానెడు దూరంలో ఉంది. పటం మీద ఆ చోట ఒక అంకె తప్ప ఏమీ లేదు. మేకు కొట్టినప్పుడు నేను అక్కడ లేను, గొలుసు మనుషులు కొట్టారు. అలాగని ఆవిడతో అనలేకపోయాను.

“తీసి ఇంకోచోట పాతుకుందామంటే కుదరదండి,” అంది. గొంతులో వేళాకోళం లేదు. “కదిపితే విరిగిపోద్ది. చలి తగిలితే చచ్చిపోద్ది. నాకు ఇంకో బాన మొదలెట్టే వయసు కాదండి. ఇది పోతే కూలికెళ్ళాలి, ఈ నడుంతో నన్ను పిలిచేదెవరండి?”

“గీత మారుస్తాను మామ్మగారూ. మీ బాన జోలికి కాలవ రాదు.”

“మాటేనాండి?”

“మాటే.”

మార్చడానికి నాలుగు రోజులు పట్టింది. అందులో రెండు జ్వరం రోజులు. తూర్పున అరటితోట అంచు వెంబడి పోతే కాలవకు ఒక వంపు వస్తుంది, వాటం ఆరంగుళాలు తగ్గుతుంది, అయినా నీళ్ళు పారతాయి. సార్జంటు దొర పటం చూసి, తిన్నగా పోయేదాన్ని ఎందుకు వంచావని అడిగాడు. చెప్పాను. గొణుక్కుని సరేనన్నాడు. కొత్త గీతకు మేకులు కొట్టించి, ఈసారి పక్కన నిలబడి, వాటికి పచ్చ దారం కట్టాను. ఉన్నవి మూడే చిలపలు. దానిమ్మ పసుపు వేసిన దారాన్ని మామ్మే అత్తగారిలో ముంచి ఇచ్చింది. ఆ బానను తప్పించే గీతకు ఆ బానలో తేలిన దారమే కడుతున్నానని ఆ సాయంత్రం కొంచెం గర్వపడ్డాను కూడా.

మర్నాటి పనులు పుస్తకంలో రాసుకున్నాను. ఒకటి, తవ్వే మేస్త్రీకి చెప్పడం. రెండు, పసుపు దారం మేకులు పీకించడం. నా లెక్క ప్రకారం జ్వరం ఎల్లుండి రావాలి. ఒక రోజు ముందే వచ్చింది.

రెండు దుప్పట్ల కింద, చెవులదాకా కుళ్ళాయి లాక్కుని వణుకుతుంటే మేస్త్రీ మా అరుగు దగ్గరికి వచ్చాడు. నిదానస్తుడు, ఏ మాటా రెండుసార్లు అడగకుండా పని మొదలుపెట్టడు.

“బాబుగారూ, రెండు వరసల మేకులున్నాయండి. దేని వెంట పడమంటారు?”

“పచ్చ దారం ఉన్నవాటి వెంట.”

“పచ్చేనాండి?”

“పచ్చే. రెండో వరస ముట్టుకోవద్దు.”

“ఆయ్,” అని వెళ్ళిపోయాడు.

మూడో రోజుకు లేచి డొంక దారి పట్టాను. దూరం నుంచే తవ్విన మట్టి కనిపించింది. మొదట నాకు ముచ్చటేసింది, గట్టు అంత సాఫీగా ఉంది. తర్వాత ఏదో తక్కువైందని తోచింది. నేను పెట్టిన వంపు లేదు. కాలవ తిన్నగా పోతోంది.

దగ్గరికి వెళితే తవ్వేవాళ్ళందరూ పారలు పక్కన పెట్టి గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి కాళ్ళు పిక్కల దాకా నీలం. కాలవ అడుగున మట్టి నీలం. పెరట్లో, మామ్మ సంతకు వెళ్ళిన పూట, గునపం దెబ్బకు బాన పక్కకు పగిలి, అడుగు ముక్క మాత్రం భూమిలో ఉండిపోయింది. మామ్మ ఆ ముక్క పక్కన చతికిలబడి, అందులో మిగిలినదాన్ని కొబ్బరిచిప్పతో తోడి కుండలో పోస్తోంది. నన్ను చూసి తోడటం ఆపలేదు.

“మాటన్నారు కదండీ,” అంది.

నేను మేస్త్రీ వైపు తిరిగాను. “పచ్చ దారం అన్నానుగా! ఇది పసుపు!”

“పచ్చేనండీ ఇది,” అన్నాడు మేస్త్రీ. మేకుకున్న దారం పట్టి చూపించాడు. “మీరే అన్నారు పచ్చని. రెండుసార్లు అడిగేను.”

“పచ్చంటే అది, ఆ తోట పక్కది!”

“అది ఆకుపచ్చండి. ఆకుపచ్చ అంటే ఆకుపచ్చ వెంటే పోదుంగదండీ. మీరు ఉత్తి పచ్చన్నారు. పెళ్ళికూతురికి పచ్చబట్టలు పెట్టేరంటే ఆకుల రంగువి పెడతారేంటండీ?”

“మరి పచ్చరాయి అంటే ఏ రంగు?”

“ఆ రాళ్ళు మేమెక్కడ చూసేవండీ.”

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. నేను జేబులోంచి పుస్తకం తీసి, ఎందుకు తీశానో తెలియక మళ్ళీ పెట్టుకున్నాను. అందులో పసుపు పసుపే, పచ్చ పచ్చే. రెండు మాటలు, రెండు వరసలు, ఎక్కడా తడబాటు లేదు. బడిలో పటాలకు రంగులు వేసిన రోజు నుంచి నాకు పచ్చంటే ఒకటే రంగు. ఆ మాట నా పుస్తకం దాటి బయటికి వెళితే ఏమవుతుందో నేను చూసుకోలేదు.

“మామ్మగారూ, తప్పు నాది,” అన్నాను.

“ఆయ్,” అంది. అవునని చెప్పడానికి మా వైపు అందరూ అనే మాటే అది. అంత చిన్నగా ఎవరైనా అనగా నేను వినలేదు.

జరిగింది జరిగినట్టు సార్జంటు దొరకు చెప్పాను. తవ్వింది పూడ్చి దిమ్మిస కొట్టించమన్నాడు, కొత్త గీత వెంట మళ్ళీ తవ్వించమన్నాడు, ఈసారి మొదటి పార దెబ్బ నుంచి చివరిదాకా నన్ను అక్కడే నిలబడమన్నాడు. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచాడు. “ఇది నీ మేజోడు కాదు, విప్పుకోవడానికి,” అన్నాడు.

మామ్మ ఆ కుండెడు నీళ్ళతో బోర్లించిన బానల్లో చిన్నదాన్ని నిలబెట్టింది. వసారాలో ఊక గుంటలో సగం దించి, సున్నపు తేట పోసి, తోడు వేసింది. పాత నీలికి గాలి చాలాసేపు తగిలింది, మట్టి కలిసింది, బతుకుతుందో లేదో చెప్పలేనంది. బతికితే పది పన్నెండు రోజుల్లో తెలుస్తుంది. తగిరిస గింజలు కావాలంది. పని దిగాక మేస్త్రీ రోజూ గట్ల వెంట తిరిగి, తలపాగా చివర మూటగట్టి తెచ్చేవాడు. ఆవిడ చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయేవాడు.

నేను జ్వరం లేని రోజుల్లో వెళ్ళేవాణ్ణి. రెండోసారి వెళ్ళినప్పుడు ఇంకా మంచు పూర్తిగా విడలేదు. మామ్మ చిరుగు చీర కొంగు భుజాల చుట్టూ బిగించుకుని కుంపటి దగ్గర ముడుచుకుని ఉంది. ఆవిడకున్న ఒక్క గొంగళీ బాన చుట్టూ కట్టి ఉంది.

“మీరు కప్పుకోవడం లేదా?”

“ఇప్పుడు దానికే ఎక్కువ చలండి.”

“గడ్డి చుట్టచ్చు కదా?”

“చుట్టేనండి. మంచుకి తడిసి చల్లబడింది. ఇంకా అధ్వాన్నం.” కుంపటి కెలుకుతూ, “మీకెందుకండీ, మీరు జ్వరం మనిషి. ఇంటికెళ్ళండి,” అంది.

ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పాను. మనింట్లో గొంగళి ఏదైనా ఉందా అని అడిగాను. ఉన్నవి రెండే, రెండూ నా మీదే ఉంటాయంది. కొందామంటే గొంగళ్ళవాళ్ళు వచ్చేది ద్రాక్షారామం తీర్థానికి, దానికింకా నెలకు పైగా ఉంది. నేను నిలబడి వేళ్ళ మీద రోజులు లెక్కపెడుతుంటే మా అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తింది.

“ఆ భోషాణం నిండా ఉన్నదేంట్రా మరి? దేనికి దాచేవు?”

మళ్ళీ వెళ్ళి బాన ఊకలోంచి పైకున్న చోట దారం పెట్టి కొలిచాను. భుజాల దగ్గర మూడు మూరలకు నాలుగు వేళ్ళు తక్కువ. మెట్ట ఉన్నిని మరో దారంతో కలిపి రెండు పోగులుగా, లావు పుల్లల మీద బానకు తొడుగు అల్లాలి. ఒక్క రోజులో ఎన్ని వరసలు వస్తాయో లెక్క కట్టాను. ఆరు రోజులు. అందులో మూడు జ్వరానివి. ఈ పనికి రంగులు ఎంచకూడదని నిర్ణయించుకున్నాను. బానకు చూపు లేదు, వెచ్చదనం చాలు. చేతికి ఏది తగిలితే అది.

మొదటి రోజు అలాగే అల్లాను. మా అమ్మ చిలపలు మోకాళ్ళకు తగిలించుకుని ఉండలు చుట్టి పడేస్తోంది. రెండో రోజు మధ్యాహ్నం ఆమె చేతిలోంచి ఉండ రావడం ఆగింది.

“ఆ నలుపు పక్కన ఇది చచ్చిపోతుందిరా.”

“చచ్చిపోనీ అమ్మా, ఇవ్వు.”

“ఉండు. ఆ ఎరుపు ఇలా తే. ఆ రెండో నీలం. అది కాదు, దానికంటే కాస్త తేలినది.”

“అది మొదటిది.”

“ఎన్నోదైతే ఏంట్రా, తే!”

ఆ తర్వాత నాకు ఎంచే పని లేకపోయింది. ఆమె ఇచ్చింది అల్లడమే. నేను రెండేళ్ళు చాప మీద మార్చి మార్చి పెట్టుకున్న నీలాలను ఆమె ఒక పూటలో వరసగా పేర్చేసి, మధ్యలో ఎర్ర గీత ఒకటి పెట్టమంది. జ్వరం వచ్చినప్పుడు కూడా ఆపలేదు. పళ్ళు టకటకమంటూ అల్లిన వరసల్లో కళ్ళు వదులుగా పడ్డాయి, జ్వరం దిగాక అల్లినవి బిగుతుగా వచ్చాయి. చూస్తే ఏ రోజు ఏ వరసో చెప్పేయవచ్చు. మామూలుగా అయితే విప్పేవాణ్ణి. విప్పేటంత ఓపిక లేదు, రోజులూ లేవు. ఆరో రోజు సాయంత్రానికి సార్జంటు దొర మేజోళ్ళ ఉన్ని కూడా అయిపోయింది. భోషాణం అడుగు చెక్క కనిపించింది. అందులో ఒక ఇత్తడి గరిటె ఉంది, రెండేళ్ళుగా అది ఎక్కడ పోయిందా అని మా అమ్మ వెతుకుతోంది.

పట్టుకెళ్ళి, గొంగళి విప్పి, అల్లినదాన్ని బానకు తొడిగాం. మేస్త్రీ ఒక పక్క పట్టుకున్నాడు. కాస్త పెద్దదైంది, మెడ దగ్గర మడత పెట్టాల్సి వచ్చింది. మామ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“ఇన్ని రంగుల బట్ట మా అత్తగారు బతికుండగా ఒక్కనాడూ కట్టలేదండి,” అంది. గొంగళి దులిపి భుజాల మీద వేసుకుంది. అప్పటికి నవ్వింది. ఎక్కువ కాదు.

పన్నెండో రోజు దాటింది, ఏమీ లేదు. పధ్నాలుగో రోజు పొద్దున్న వెళ్ళేసరికి బాన మీద సన్నగా తెట్టు కట్టింది, పెద్ద బానకుండే పాత కంపు కాస్త తగులుతోంది. మేస్త్రీ పనికి పోతూ గింజలిచ్చి, వెళ్ళకుండా నిలబడ్డాడు. మామ్మ ఒక మూరెడు తెల్ల దారం ముంచి, మూత పెట్టి, మెల్లగా వంద లెక్కపెట్టి పైకి తీసింది.

“పచ్చగానే ఉంది,” అంది.

“ఏ పచ్చండీ?” అన్నాడు మేస్త్రీ. వెక్కిరింతో, భయమో తెలియలేదు.

నేను వంగి చూశాను. ఆకుల రంగు కాదు, పసుపూ కాదు. రెంటికీ మధ్య ఏదో. పుస్తకంలో దానికి మాట లేదు.

“ఉత్తి పచ్చండి,” అంది మామ్మ. “నోరు మూసుకుని చూడండి ఇద్దరూ.”

మేం చూస్తుండగానే గాలి తగిలి అది తిరిగింది. నీలమే. పల్చటి నీలం, తెల్లదారం మీద నీడ పడినట్టుంది. మూడుసార్లు ముంచినా అంతకంటే ముదరలేదు.

“నీళ్ళ మజ్జిగ,” అంది మామ్మ దారం వేళ్ళ మధ్య నలుపుతూ. “అత్తగారు కాదండి ఇది. చిన్నకోడలు. దీనికి పనొచ్చేసరికి నేనుంటానో లేదో.” అయినా కర్ర తీసుకుని పొద్దుటి కలుపు మొదలుపెట్టింది. నెమలి మెడ ఎప్పటికి వస్తుందని నేను అడగలేదు.

ఆ మూరెడు దారం నాకిచ్చింది. ఇంటికొచ్చి పుస్తకం తీశాను. పచ్చ అన్న మాట కొట్టేసి ఆకుపచ్చ అని రాసి, ఎదురుగా ఏమీ లేవని రాశాను, ఉన్నవన్నీ మేకుల మీదే ఉన్నాయి కనక. ఎరుపు లేదు. నలుపు లేదు. నీలాల దగ్గర ఆగాను. ఇది మొదటి నీలం కన్నా లేత. మామ్మయితే దీనికి ఏదో ఒక పేరు పెట్టేది. నేను సున్నా నీలం అని రాసి, మూరెడు అని పక్కన వేశాను. ఆ రోజు నాకు జ్వరం రావలసిన రోజు. మధ్యాహ్నానికి వచ్చింది.